తెలుగులో హ్యాండోవర్

మధ్యాహ్నం మూడున్నరకి మా వార్డు నిద్రపోతుంది. భోజనాల పళ్ళేలు కిందకి వెళ్ళిపోతాయి. వార్డు పనిచేసే ఆయామాసీలు టీ కోసం మెట్ల దగ్గర చేరతారు. నాలుగింటికి విజిటింగ్ గంట కొట్టేదాకా ఒక్కరూ కదలరు. పద్నాలుగు మంచాల ఆడవాళ్ళ వార్డు మాది. పైన ఫ్యాన్లు తిరుగుతుంటాయి, కిటికీ అవతల ఏక్‌బాల్‌పూర్ రోడ్డు మీద ఆటోలు అరుచుకుంటుంటాయి, లోపల ఫినాయిలూ డెట్టాలూ, ఎవరో మూత పెట్టడం మరచిపోయిన చేపల కూరా కలిసిన వాసన. దెయ్యాలు అర్ధరాత్రే తిరుగుతాయని ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్ళకి మధ్యాహ్నం డ్యూటీ ఎప్పుడూ పడి ఉండదు.

నా పేరు రమాకుమారి. ఈ నర్సింగ్‌హోమ్‌లో పంతొమ్మిదేళ్ళ సర్వీసు. మా తాత శ్రీకాకుళం నుంచి కలకత్తా ఓడరేవు డాకుల్లో మోతపనికి వచ్చి వాట్‌గంజ్‌లో దిగిపోయాడు, మేం ఇప్పటికీ అక్కడే. ఇంట్లో తెలుగు, బయట బెంగాలీ, తిట్టాల్సి వస్తే హిందీ. నాకు నోరు కొంచెం ఎక్కువే, దాచుకోవడం దేనికి. మా నాయనమ్మ అప్పలకొండమ్మ "పెదవి దాటితే పృథివి దాటుద్దే గుంటా" అని చిన్నప్పుడే నెత్తిన మొట్టేది. మొట్టికాయ నొప్పి గుర్తుంది గానీ, ఆవిడ దేనికి మొట్టిందో మాత్రం బుర్రకెక్కలేదు.

మా దగ్గర డ్యూటీ మారేటప్పుడు దిగే నర్సు, ఎక్కే నర్సు ఇద్దరూ ప్రతి మంచం దగ్గరా నిలబడాలి. పేషెంటు సంగతంతా నోటితో అప్పజెప్పాలి. హ్యాండోవర్ అంటాం దాన్ని. కాగితం మీద రాసింది చాలదు, మేట్రన్ ఊరుకోదు. మంచానికీ మంచానికీ మధ్య రెండు మూరల జాగా. తెరలు మొత్తం వార్డుకి రెండే, రెండింటికీ చక్రాలు విరిగాయి. ఇంకేముంది, నాలుగో బెడ్ జబ్బు ఐదో బెడ్ వింటుంది, ఐదో బెడ్ పేషెంట్ పార్టీ వింటుంది, అక్కణ్ణించి సరాసరి టీ కొట్టుకి. ఇక్కడ చుట్టాల్ని పేషెంట్ పార్టీ అనే అంటారు, ఎన్నికలకి నిలబడినట్టు.

మిగతా నర్సులు గుసగుసలాడేవాళ్ళు. నాకూ మైథిలికీ ఆ బాధ లేదు. మైథిలి రాత్రి డ్యూటీ నర్సు, కరీంనగర్ పిల్ల, బ్యాంకులో పనిచేసే మొగుడితో బదిలీ మీద కలకత్తా వచ్చింది. సాయంత్రం ఎనిమిదింటికి తను వస్తే మేమిద్దరం తెలుగులో మొదలుపెట్టేవాళ్ళం. ఎవరికి మూలశంక, ఎవరి మొగుడు తాగుతాడు, ఎవరికి కడుపు తీయించారు, అన్నీ బాహాటంగా. మధ్యలో జోకులు. పేషెంట్లు మా మొహాలు చూసి నవ్వేవాళ్ళు, పాపం. మిగతావాళ్ళకంటే మన దగ్గరే పేషెంటు గుట్టు భద్రంగా ఉంటుందక్కా అని మైథిలి గర్వంగా అనేది. నేనూ అలాగే అనుకున్నాను. పదమూడేళ్ళు బెంగాలీ నర్సులతో గుసగుసలాడి విసిగిపోయినదాన్ని, తెలుగు పిల్ల దొరికేసరికి నోటికి సెలవు లేకుండా పోయింది.

జూలై చివర్లో ఏడో బెడ్‌కి లక్ష్మీసౌజన్య వచ్చింది. ఇరవై ఏడేళ్ళు, నెలలు నిండాయి. నది అవతల లిలువాలో, రైల్వే కుటుంబంలో పుట్టిన తెలుగు పిల్ల. బేహాలా వైపు అభిజిత్ హాల్దార్ అనే బెంగాలీ అబ్బాయిని ప్రేమించి పెళ్ళి చేసుకుంది. వెంట అత్తగారు వచ్చింది. పొడుగ్గా, ఎర్రంచు చీరలో, నోట్లో పాన్. నేను కేస్ షీటు తీసి ఎన్నో కాన్పు అని అడిగితే కోడలు నోరు తెరవకముందే ఆవిడ "మొదటిది" అని బెంగాలీలో చెప్పి, సంచీలోంచి సందేశ్ మిఠాయి డబ్బా తీసి నా చేతిలో పెట్టింది.

సౌజన్య నా కళ్ళలోకి చూసింది. ఆ చూపు నాకు తెలుసు. పరీక్ష చెయ్యాలి, బయట కూర్చోండి మాసీమా అని అత్తగారిని పంపించాను.

"అక్కా, మీరు తెలుగే గదా?"

"తెలుగే. సెప్పమ్మా."

"ఇది నాకు రెండోది." నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. "పెళ్ళికి ముందు ఒకటయ్యింది. అప్పుడు రక్తం శానా పోయింది. చచ్చిపోతాననుకున్నారు. ఇప్పుడూ అలగే అవుద్దేమోనని భయమేస్తంది. డాక్టరుగారికి సెప్పండి. మా ఇంట్లో మాత్రం తెలీకూడదు."

ప్రాణం కోసం చెప్పింది. అంతకు మించి కారణం లేదు. డాక్టరుకి చెబుతానన్నాను, రక్తం సిద్ధం చేయిస్తానన్నాను. అప్పుడు తను ఏడుస్తూ మిగతాది కూడా చెప్పేసింది. ఆ బిడ్డ బతికే ఉంది. లిలువాలో వాళ్ళక్క వేదవతి దగ్గర, వేదవతి కూతురిగా పెరుగుతోంది. ఎనిమిదేళ్ళది. రైల్వే క్వార్టర్ల పక్క బడిలో మూడో క్లాసు. పేరు బన్నీ. సౌజన్యని పిన్నీ అని పిలుస్తుంది.

"ఇది మాత్రం కాయితం మీద ఎక్కించకక్కా. దానికి తెలీదు. తెలిస్తే ఏటైపోద్దో."

"నా నోట్లోంచి రాదు," అన్నాను. నిజంగానే అనుకుని అన్నాను.

ఆ సాయంత్రం ఎనిమిదింటికి సౌజన్య కాన్పు గదిలో ఉంది. ఏడో బెడ్ ఖాళీ. పక్కన స్టూలు మీద అత్తగారు కూర్చుని పసిబిడ్డ గుడ్డలు మడతపెడుతోంది. మైథిలి వచ్చింది. నేను అలవాటుగా మొదలుపెట్టాను.

"ఏడు. లేబర్‌లో ఉంది. రాత్రంతా రక్తస్రావం మీద కన్నేసి ఉంచు. రెండు బాటిళ్ళు చెప్పి ఉంచాను. ఇది తొలికాన్పు కాదే, రెండోది. పెళ్ళికి ముందొకటి ఉంది, అప్పుడే ప్రాణం మీదకొచ్చింది. అత్తకి తెలీదు."

అక్కడ ఆపితే బాగుండేది. రాత్రి నర్సుకి ఆ మాట తెలియాలి, అది తప్పు కాదు. పక్కకి తీసుకెళ్ళి చెప్పాల్సింది. పోనీ అంతటితో ఊరుకోవాల్సింది. నా నోరు ఊరుకుంటుందా?

"ఈవిడగారేమో మొదటి మనవడని వార్డంతా సందేశ్ పంచుతోంది, చూడు," అని నవ్వాను. మైథిలి కూడా నవ్వింది.

స్టూలు మీద గుడ్డలు మడతపెట్టే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మడతపెట్టింది. నేను ఎనిమిదో బెడ్‌కి వెళ్ళిపోయాను.

మగబిడ్డ పుట్టాడు. రక్తం పెద్దగా పోలేదు. మూడో రోజు డిశ్చార్జి. నేను కాగితాలు ఇస్తుంటే అత్తగారు నా భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గరికి వంగి, మా వీధి తెలుగులో అంది:

"మంచి నర్సువి తల్లీ. నానూ వాట్‌గంజే. మీ డాకు లైన్ల పక్కనే పుట్టి పెరిగినాను. నీ పున్నెమా అని నా కోడలి సంగతి తెలిసింది."

ఓలమ్మో... మా వీధుల్లో చేపలమ్మే బెంగాలీ ఆడవాళ్ళు మాకంటే బాగా తెలుగు మాట్లాడతారు. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. ఆ సంగతి నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? యూనిఫారం వేసుకోగానే మరచిపోయాను. మూడేళ్ళుగా కోడలు పుట్టింటివాళ్ళతో ఫోన్లో మాట్లాడుకునే ప్రతి మాటా ఆవిడకి అర్థమవుతూనే ఉందట. ఆవిడ ఒక్కసారి కూడా బయటపడలేదట.

సౌజన్యకి ఏమీ తెలియదు. బిడ్డని ఎత్తుకుని, "వస్తానక్కా" అని నవ్వుతూ లిఫ్టు ఎక్కింది. ఆ లిఫ్టు తలుపు మూసుకునేలోగా నేనొక మాట చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. భయపడ్డాను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను, అంతే.

పదకొండో రోజు సౌజన్యని అత్తింటివాళ్ళే ట్యాక్సీలో తీసుకొచ్చారు. అప్పటికే ప్రాణం లేదు. నాలుగు రోజులుగా జ్వరమట, ఎవరూ డాక్టరు దగ్గరికి తీసుకురాలేదు. మేడ మీద గదిలో ఒంటరిగా పెట్టారని, బిడ్డని వేరే గదిలో ఉంచి డబ్బా పాలు పట్టారని డ్రైవరు గేటు దగ్గర ఎవరితోనో అన్నాడు. ఒళ్ళు తుడిచి, దూది పెట్టి, గడ్డం కట్టి, కాలి వేలికి చీటీ కట్టే పని నాకే పడింది. జాకెట్టు ముందు భాగమంతా పాలతో తడిసి అట్టకట్టి ఉంది. నేను ఏడవలేదు. చేతులు వాటంతట అవే పని చేశాయి. లోపల ఏమీ లేదు, మత్తు సూది ఇచ్చిన దవడలాగా.

వరండాలో వేదవతి నిలబడి ఉంది. చెల్లెలి పోలికే, కాస్త లావు. "నా చెల్లి మీకేటైనా సెప్పిందా?" అని అడిగింది.

"లేదమ్మా," అన్నాను.

ఆవిడ నా బ్యాడ్జీ మీద పేరు చదువుకుని వెళ్ళిపోయింది. తర్వాత పోలీసు స్టేషన్‌లో కేసు పెట్టిందని విన్నాను.

ఆ సంగతి విన్న వారానికే అత్తగారు మళ్ళీ వచ్చింది. విజిటింగ్ టైములో, ఎవరో పేషెంటుని చూడటానికి వచ్చినట్టు ఆపిల్ పళ్ళు పట్టుకుని. నన్ను మందుల బీరువా పక్కకి పిలిచింది.

"ఆ మొదటి పిల్ల ఏడుందో సెప్పు."

"నాకు తెలీదు."

"నీకు తెలుసు. నీ మొకమే సెప్తంది. ఆ లిలువా ఓళ్ళు మామీద కేసెట్టారు. ఆ పిల్లని బయటికి లాగితే ఆళ్ళే నోరు మూసుకుంటారు. సెప్పు, నీ పేరు రానివ్వను."

"తెలీదన్నాను గదా మాసీమా. ఇంకోసారి అడిగితే గార్డుని పిలుస్తాను."

ఆవిడ నవ్వింది. పాన్ ఎరుపు పళ్ళ మీద మెరిసింది. "ఒకపాలి సెప్పిన నోరు రెండోపాలి సెప్పదా?" అని వెళ్ళిపోయింది.

చెప్పను. ఆ రోజు బీరువాకి ఆనుకుని అదే అనుకున్నాను. సౌజన్య నాకిచ్చిన రహస్యంలో సగం నేను పారబోశాను, దానికి తను ప్రాణం ఇచ్చుకుంది. మిగిలిన సగం లిలువాలో బడికి వెళ్తోంది, జడలు వేసుకుంటోంది, పెద్దమ్మని అమ్మా అంటోంది. దాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వను. నా దగ్గర మిగిలిన మంచి అదొక్కటే. మైథిలికి కూడా చెప్పలేదు. హ్యాండోవర్ తెలుగులో ఆపేశాం. మేట్రన్ కంట పడకుండా ఇద్దరం చీటీ మీద రాసుకుని, వేలితో చూపించుకుని, మూగవాళ్ళలాగా మంచం మంచానికీ తిరిగేవాళ్ళం.

అప్పటి నుంచే మొదలయ్యింది.

మొదట వాసన. ఏడో బెడ్ ఖాళీగా ఉన్నా దగ్గరికి వెళ్తే పచ్చి పాల వాసన. పరుపు మార్పించాను. దుప్పటి రెండుసార్లు ఉతికించాను. ఆయామాసీ ముక్కు పెట్టి చూసి "ఏమీ లేదు దీదీ" అంది. నాకు మాత్రం మధ్యాహ్నం మూడున్నర అయ్యేసరికి ఆ వాసన గొంతులోకి దిగేది. భయం వేసిందా అంటే వెయ్యలేదు. భయం కూడా మొద్దుబారిపోయింది. టెంపరేచర్లు చూశాను, చార్టులు నింపాను, ఇంటికెళ్ళి పడుకున్నాను.

తర్వాత ఒక రోజు ఆరో బెడ్ ముసలావిడ. బీహారు నుంచి వచ్చింది, తొంటి ఎముక విరిగింది. భోజ్‌పురి తప్ప ఇంకో ముక్క రాదు. మధ్యాహ్నం గాఢంగా నిద్రపోతోంది. నాడి చూద్దామని వంగాను. కళ్ళు మూసుకునే ఉన్నాయి. పెదాలు కదిలాయి.

"అక్కా..."

నా చెయ్యి ఆవిడ మణికట్టు మీదే ఉండిపోయింది.

"అక్కా... పాలు సేపుతున్నాయి..."

ముసలి గొంతే. మాట మాత్రం లిలువా మాట. నేను గట్టిగా కుదిపితే ఆవిడ లేచి, భోజ్‌పురిలో నన్ను తిట్టి, నీళ్ళు అడిగింది. నీళ్ళిచ్చాను. గ్లాసు అంచు ఆవిడ పళ్ళకి తగిలి టకటకమంది.

మర్నాడు పదకొండో బెడ్. ఆ పిల్లకి పదహారేళ్ళు, ఉర్దూ మాట్లాడుతుంది, అపెండిక్స్ ఆపరేషన్. మత్తులో ఉంది. "అక్కా, దాని పేరేటక్కా..." అంది. ఆ తర్వాత మూడో బెడ్. తర్వాత మళ్ళీ ఆరు. రోజుకో నోరు. అందరిదీ ఒకటే ప్రశ్న, దాని పేరేటని.

మైథిలికి చెప్పాను. తను నా మొహం చూసి, "నీకు నిద్ర లేదక్కా. సెలవు పెట్టు," అంది. తర్వాత వరండాలోకి లాక్కెళ్ళి మెల్లగా అడిగింది. "ఏందక్కా, ఆమె నీకు ఇంకేమన్న చెప్పిందా?"

"లేదే."

"చెప్పినా నాకు చెప్పకు. నాకొద్దు," అంది. మంచి పిల్ల. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది, నెల రోజుల్లో అదే మొదటిసారి.

ఆ గురువారం పొద్దుట్నుంచీ వాన. ఖిదిర్‌పూర్ దారిలో మోకాలి లోతు నీళ్ళు. వార్డులో సగం మంచాలు ఖాళీ. మూడింటికే చీకటి పడినట్టయ్యింది. కరెంటు పోయి, జనరేటర్ మీద ఒక్క వరస లైట్లే వెలిగాయి. ఫ్యాన్లు ఆగాయి. తడి గోడల వాసన... ఆ వెనకే పచ్చి పాల వాసన. మూడున్నరకి నేను టెంపరేచర్ చార్టు నింపి సంతకం చేశాను. ఆయామాసీలు టీకి పోయారు. కిటికీ రేకు మీద వాన చప్పుడు ఒకటే మోత.

ఆ మోతలో స్టూలు జరిగిన చప్పుడు వినపడింది.

తలెత్తాను.

ఏడో బెడ్‌లో ఎవరో పడుకుని ఉన్నారు.

నెత్తి దాకా దుప్పటి. పక్కకి తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని, బాలింతలు పడుకునేట్టు. కొత్త అడ్మిషన్ లేదు. రిజిస్టర్ నా ముందే ఉంది. ఏడు ఖాళీ.

లేచి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే... నర్సుని కాబట్టి. మంచంలో మనిషి ఉంటే వెళ్తాం.

దుప్పటి లేచి పడుతోంది. ఊపిరి. రొమ్ముల దగ్గర దుప్పటి మీద అరచేతంత తడి, మెల్లమెల్లగా పెద్దదవుతోంది.

"అక్కా..."

ఈసారి ముసలిగొంతు కాదు. తన గొంతే.

"సౌజన్యా..."

"పాప పేరేటక్కా... పిలుద్దామంటే గుర్తు రావట్లేదు... ఏడెట్టాను దాన్ని... ఏడెట్టానక్కా..."

నా మోకాళ్ళు మంచం పట్టీకి తగిలాయి. నర్సింగ్‌లో మొదటి సంవత్సరం చెప్పే పాఠం ఒకటుంది. పేషెంటు సంగతి పేషెంటే అడిగినా సరే, ముందు పేరు చెప్పించుకోవాలి, చేతి పట్టీ చూసుకోవాలి, ఆ తర్వాతే నోరు విప్పాలి. గొంతు గుర్తుపట్టాం కదా, మొహం తెలుసు కదా అని చెప్పకూడదు. పంతొమ్మిదేళ్ళలో ఎంతమంది ట్రైనీలని నిలబెట్టి ఇదే తిట్టానో లెక్కలేదు.

"చెయ్యి చూపించమ్మా," అన్నాను. పాఠం నోటికి వచ్చింది, నా గొంతే నాకు వినపడలేదు.

చెయ్యి బయటికి రాలేదు. దుప్పటి లోపల ఏడుపు మొదలయ్యింది. చప్పుడు లేని ఏడుపు. లేబర్ రూముకి తీసుకెళ్ళే ముందు నా చెయ్యి పట్టుకుని ఏడ్చిందే, అదే.

"నా పాపక్కా... నా పాప పేరు నాకు సెప్పడానికేటి... నానేగా నీకు సెప్పాను..."

ఆ మాటకి నెల రోజులుగా బిగుసుకున్నది లోపల ఎక్కడో తెగింది. నిజమే కదా? తన రహస్యం తనకి చెప్పడం తప్పెలా అవుతుంది? అందరికీ చెప్పినదాన్ని తనకి చెప్పనా? తన బిడ్డ పేరు తెలియక తన్నుకుంటుంటే, నియమాలు చదువుతూ నిలబడనా? జాలి వేసింది. సిగ్గు వేసింది. రెండూ కలిసి నన్ను ముందుకి వంచాయి.

దుప్పటి దగ్గర చెవి ఉండేచోట నోరు పెట్టాను.

"బన్నీ," అన్నాను. "బన్నీ అమ్మా. లిలువాలో ఉంది. వేదవతక్క దగ్గరే. మూడో క్లాసు, రైల్వే క్వార్టర్ల పక్క బడి. బాగుంది తల్లీ. నిన్ను పిన్నీ అంటుంది. తనకి ఏమీ తెలీదు. నువ్వింక ఎల్లిపో..."

ఏడుపు ఆగింది.

వాన కూడా ఆగినట్టయ్యింది. ఏమీ వినపడటం లేదు.

దుప్పటి లోపల్నుంచి మెల్లగా, ఒక్కొక్క ముక్కే, ఎవరో రాసుకుంటూ చదువుతున్నట్టు...

"బన్నీ... లిలువా... వేదవతి దగ్గర... మూడో క్లాసు..."

అది సౌజన్య గొంతు కాదు.

అత్తగారిదీ కాదు. అలా అయినా బతికిపోదును.

అది నాది. హ్యాండోవర్ తీసుకునేటప్పుడు చెప్పిందాన్ని తిరిగి చెప్తామే, ఆ రాగంలో నా గొంతే.

దుప్పటి పట్టి లాగాను. పరుపు. దిండు. దిండు మీద నొక్కుకున్న గుర్తు కూడా లేదు. తడి లేదు. పాల వాసన లేదు. గోడ గడియారం మూడూ ముప్పై ఎనిమిది.

అప్పుడైనా పరిగెత్తానా, అరిచానా? లేదు. దుప్పటి మడతపెట్టాను. మూలలు సరిగ్గా కలిపి మరీ మడతపెట్టాను. కుర్చీలో కూర్చున్నాను. నాలుగింటికి గంట కొట్టారు. విజిటర్లు గొడుగులు దులుపుకుంటూ వచ్చారు. పదకొండో బెడ్ పిల్ల తల్లి డిశ్చార్జి ఎప్పుడని అడిగింది, చెప్పాను. రెండో బెడ్‌కి సూది ఇచ్చాను. అది దెయ్యమో, నా బుర్రలో పుట్టిందో అని ఆలోచిస్తూనే ఉన్నాను. ఏదైనా ఒకటే అనిపించింది. ఎవరూ వినలేదు కదా, ఖాళీ మంచానికే కదా చెప్పాను అని సర్ది చెప్పుకున్నాను. మొన్న తెలుగులో చెప్తే ఎవరికి అర్థమవుతుందిలే అనుకున్నదీ ఈ బుర్రే.

ఏడున్నరకి మైథిలి తొందరగా వచ్చింది, వానకి ట్యాక్సీ దొరికిందట. ఇద్దరం రిజిస్టర్ దగ్గర నిలబడ్డాం. మెట్ల మీద గార్డు అరుపు వినపడింది. టైము అయిపోయింది, పైకి వెళ్ళకూడదు అంటున్నాడు. అతన్ని తోసుకుని వేదవతి వచ్చింది. నిలువెల్లా తడిసి ఉంది. చెయ్యి పట్టుకుని ఒక పిల్ల. రెండు జడలు, స్కూలు డ్రెస్సు, చెప్పులనిండా బురద.

నేను ఆ పిల్లని అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. చూడక్కర్లేకపోయింది. సౌజన్య కళ్ళే.

"ఎందుకొచ్చావు?" వేదవతి నా మీదకి వచ్చింది. గొంతు పగిలిపోయింది. "మా పిల్ల బడికి నువ్వెందుకొచ్చావు? నీకేటి కావాలి? ఎనిమిదేళ్ళు కళ్ళలో పెట్టుకుని దాచాను దాన్ని. ఎనిమిదేళ్ళు! నీ నోరు పడిపోను..."

"నేను ఎక్కడికీ..."

"నర్సు రమాకుమారినని నువ్వే దీనికి సెప్పావట! లేకపోతే నీ పేరు దీనికెలా తెలుసు?"

మైథిలి అడ్డం వచ్చింది. "అమ్మా, ఆగు. అక్క రెండింటికి ఎక్కింది డ్యూటీకి. ఇగో, మూడున్నరకు సంతకం. ఇగో, నాలుగింటికి సంతకం. ఇక్కడికెళ్ళి లిలువా పోవాలంటే ఈ వానలో రెండు గంటలు పడ్తది. ఎన్నింటికి వచ్చిందంటున్నవ్?"

"బడి వదిలేది మూడూ నలభైకి," అంది వేదవతి. రిజిస్టర్ వైపు చూసింది. నా వైపు చూసింది. పిల్ల భుజం పట్టుకుంది. "బన్నీ, సరిగ్గా సూడు. ఈవిడేనా?"

ఆ పిల్ల ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండేది. లిలువా నుంచి ఇక్కడిదాకా రైల్లో, బస్సులో, నీళ్ళలో నడిచొచ్చినా ఒక్క చుక్క రాలేదట. నా మొహంలోకి అలా చూస్తూ నిలబడింది. ఆ మొద్దుతనం నాకు బాగా తెలుసు. నా లోపలున్నది తీసి ఆ పిల్ల మొహానికి పూసినట్టుంది.

"ఈ ఆంటీయే," అంది. "గేటు కాడ నిలబడ్డారు. తెల్ల యూనిఫారం. తడవలేదు. నన్ను పేరెట్టి పిలిచారు. పిన్నే మా అమ్మంట. అమ్మ మా అమ్మ కాదంట. పిన్ని చచ్చిపోయిందంట, పాలు కారిపోతా చచ్చిపోయిందంట."

వేదవతి నేల మీద కూలబడింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పోయింది. నా దగ్గర మిగిలిన ఆ ఒక్కటీ పోయింది. ఎవరికీ ఇవ్వనని బీరువాకి ఆనుకుని ఒట్టు పెట్టుకున్నది, నా మొహంతో, నా యూనిఫారంతో, నా గొంతుతో నడుచుకుంటూ వెళ్ళి ఎనిమిదేళ్ళ పిల్ల చెవిలో పడింది. తప్పు నాదే తల్లీ అని ఆ పిల్ల కాళ్ళ దగ్గర కూర్చుందామనుకున్నాను. కాళ్ళు వంగలేదు. నోరు మాత్రం తెరుచుకుంది.

"నేను రాలేదమ్మా," అన్నాను. "ఒట్టు. నేను కాదు."

బన్నీ నా దగ్గరికి వచ్చింది. నా చేతి వేలు పట్టుకుంది. మెల్లగా, అమ్మకి వినపడకుండా, మడమలెత్తి నా చెవికి అందేంత ఎత్తు లేచింది.

"ఇంకోటి ఉంది, అదే అసలుది, రేపు సెప్తానన్నారు గదా ఆంటీ," అంది. "అదేటో ఇప్పుడే సెప్పేయండి. రేపటిదాకా నాను ఆగలేను."

సౌజన్య నాతో చెప్పిన ప్రతి మాటా మళ్ళీ మళ్ళీ గుర్తు చేసుకున్నాను. పేరు, ఊరు, బడి, వేదవతి, పిన్నీ అనే పిలుపు. అంతే. అంతకు మించి తను నాకు ఏమీ చెప్పలేదు.